బొంతల గదిలో దాచిన అభ్యంతరం

మెన్నోనైట్ క్రైస్తవ సంఘం సేవకుల ఇంట్లో, మెట్ల పక్క గదిలో ఉంటున్న, అరవై నాలుగేళ్ల వయసు గల, అందరూ బొంతల పెద్దమ్మ అని పిలిచే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా ఇది. నా గుండె కాస్త నెమ్మదించిందని డాక్టరు చెప్పారు. బుర్ర మాత్రం బాగానే నడుస్తోంది. వకీలు ఇచ్చిన చిత్తుప్రతిలో "ప్రమాణపూర్వకంగా" అన్న మాట నేనే కొట్టేశాను. మా సంఘంలో ఒట్లు వేయం. మామూలుగా అన్న మాటకే కట్టుబడతాం.

ఒక్క ఏడాది సేవ చేసి వెళ్లిపోదామని ఇరవై మూడో ఏట ఇక్కడికి వచ్చాను. నలభై ఒక్క ఏళ్లయింది. ఇల్లు కూలినవాళ్లకు పంపే బొంతలు కుట్టడం నా పని. ఇక్కడ బీరువాలూ, కుట్టుమిషన్లూ, సబ్బులతో సహా అన్నీ ఉమ్మడివే. "నీకంటూ ఏముందక్కా, వీలునామా రాయడానికి?" అని వంటామె పడీపడీ నవ్వింది. ఉన్న నాలుగూ కింద రాస్తున్నాను.

1. మా అమ్మ ఇచ్చిన బట్టల కత్తెర సదరు వంటామెకు చెందాలి. ఇరవై ఏళ్లుగా నా కళ్లుగప్పి దీంతో పాల ప్యాకెట్లు కత్తిరిస్తోంది. అడిగితే "నాకేం తెలుసక్కా" అంటుంది. ఇకమీదట దర్జాగా కత్తిరించుకోవచ్చు. నేను మంచాన పడ్డ పదకొండు రోజులూ నా ఒళ్లు తుడిచింది కూడా ఆమే. అది నేను మరిచిపోలేదు.

2. ఎవరి వంతు ఏదో చూపే పనుల పలక మీద, మంగళవారం మరుగుదొడ్ల కింద వేలాడే నా పేరున్న చెక్కబిళ్ల, ఆ పనితో సహా, సంఘపెద్దగారికి. వారి బిళ్ల ఎప్పుడు చూసినా తోటపని కిందే ఉంటుంది. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా వారిదే.

3. నా అభ్యంతరం, ఇక్కడే నాతో బొంతలు కుట్టే నా చెల్లెలి కూతురికి.

ఇది కాస్త విడమరిచి రాయాలి. మా ఇంట్లో ఏది నిర్ణయించాలన్నా సంఘపెద్ద విషయం చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగి, కాసేపు మౌనంగా ఉంటారు. ఒక్కరు లేచినా ఆ విషయం వచ్చే నెలకు వాయిదా. ఎవరూ నోరు మెదపకపోతే ఖాయమైనట్టే.

ముప్పై ఆరేళ్ల కిందట, వరదలో కొట్టుకుపోయిన ఊళ్లలో ఇళ్లు కట్టడానికి మా వడ్రంగిని రెండేళ్లు పంపాలన్నారు. అభ్యంతరమా అని అడిగారు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. తలదాచుకోను చోటు లేనివాళ్లకు అడ్డుపడి, నా కోరిక నేను చూసుకోవడం పాపం అనుకున్నాను. రెండేళ్లు కాస్తా పంతొమ్మిదేళ్లయ్యాయి. తల నెరిశాక తిరిగొచ్చాడు. పోయిన నెల నా కుట్టుబల్ల కాలు బిగిస్తూ, బల్ల కిందనుంచే, మొహం చూపించకుండా అడిగాడు: ఆ రోజు మీరొక్క మాట అంటారేమోనని చూశానండీ, అనలేదు కదా, నేను పోవడమే మీకిష్టం కాబోలనుకున్నాను, అని.

ఆయన కట్టిన ఇళ్లలో ఎందరో హాయిగా నిద్రపోతున్నారు. అందుకు నాకు సంతోషమే. కానీ అక్కడివాళ్లకు చలి వెయ్యదా? బొంతలు అక్కర్లేదా? నేనూ వెంట వెళ్లొచ్చని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఈ ఆదివారం మా ప్లంబరును నీళ్లు లేని కొండ ఊళ్లకు పంపే విషయం చదువుతారు. "వెళ్తేనే మంచిది పెద్దమ్మా, పాపం వాళ్లకు నీళ్లు లేవట" అంటూ మా పిల్ల ఒకే కుట్టు మూడుసార్లు విప్పి కుట్టింది. ఆ మహానుభావుడు మా గదిలో బాగానే ఉన్న కుళాయిని ఈ వారం మూడుసార్లు బాగుచేశాడు. ఇద్దరూ మాలాగే మంచివాళ్లు. నాకు భయంగా ఉంది.

కాబట్టి, ముప్పై ఆరేళ్లుగా వాడకుండా దాచిన నా అభ్యంతరాన్ని ఆమెకు రాసిస్తున్నాను. నేను పోయాకే చెల్లుతుందని వకీలు అన్నారు. ఈ ఒక్కటీ ఆదివారమే చెల్లాలి. తల్లీ, నువ్వు లేచి నేనూ వెళ్తానని చెప్పు. నువ్వు లేవకపోతే చేతికర్ర పట్టుకుని నేను లేస్తాను. అప్పుడు పరువు పోయిందని నన్ననకు.

4. సాక్షిగా పిలవలేదని వడ్రంగి మూతి ముడుచుకుని వరండాలో కూర్చున్నాడు. సాక్షి సంతకం పెట్టేవారికి ఏమీ రాసివ్వకూడదట. ఆయనకు రాయవలసింది ఒకటుంది. భోజనాల గదిలో కిటికీ దగ్గర, నా పక్క కుర్చీ. తిరిగొచ్చిన పదిహేడేళ్లూ దూరంగా చివరి బల్ల దగ్గరే తింటున్నాడు. నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. ఈ మధ్యాహ్నమే వచ్చి కూర్చోవచ్చు. నాకు అభ్యంతరం లేదు.

ఆగస్టు పదిహేడు, గురువారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం) బొంతల పెద్దమ్మ

మా కళ్లెదుటే సంతకం చేశారు:
1. సంఘం క్లినిక్ నర్సు
2. ఎదురింటి ఫొటో స్టూడియో ఆయన