కెమెరాలో కృపారాణి

గరివిడి,
12 ఆగస్టు 2012

మెర్సీ అక్కకు,

వందనాలు. నన్ను రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నానని రాశావు. ఈ ఉత్తరం చదివాక ఇంకాస్త గట్టిగా తలుచుకో. ఫోన్లో చెబుదామంటే మా క్వార్టర్ గోడ పలచన. నేను ఏడిస్తే పక్కింటి దేముడమ్మ గారు ముక్కు చీదుకుంటారు.

మీ మరిది డిజిటల్ కెమెరా కొన్నారని చెప్పాను కదా. ఆ రోజు నేనూ సంబరపడ్డాను, బుద్ధి లేక. ఇప్పుడు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగితే చాలు, దాన్ని మెడలో వేసుకుని తిరగడమే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర అందరినీ తీస్తారు. అందరూ ఆయన చుట్టూ మూగి, ఆ చిన్న తెరలోకి తలలు దూర్చి, ఇది బాగుంది, ఇది కదిలిపోయింది అని తీర్పులు చెబుతారు. ఆయన బుద్ధిగా విని, మరుసటి వారం మార్చి తీస్తారు. నేర్చుకోవడం మంచిదే. నేర్చుకోవడానికి కృపారాణే కావాలా?

కృపారాణి అంటే మా చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో కొత్తగా చేరిన పిల్ల. ఎర్రగా, పొడుగ్గా ఉంటుంది. కిటికీ దగ్గర కృపారాణి, పాటల పుస్తకంతో కృపారాణి, వాన చూస్తున్న కృపారాణి. "ఎంత బాగా పడ్డాదో సూడండి!" అని ఆడవాళ్ళు మురిసిపోతుంటే ఈయన సిగ్గుపడిపోతారు, కన్నది తానే అయినట్టు. పోయిన వారం పాస్టరు గారి తల్లి ఏసమ్మ గారు అందరి ముందూ అడిగేసింది, "నీ ఫొటో ఒక్కటీ నేదేటే, ఎస్తేరూ?" అని. ఇంటికొచ్చి ఆయన్ని అడిగితే, "నీది సరిగ్గా రాదే" అన్నారు, చొక్కా విప్పుకుంటూ. అంతే మాట.

నేను నల్లదాన్నని నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో ఆ సంగతేం దాచలేదు. అయినా తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి అలా అంటే కడుపు మండిపోతోంది అక్కా. పాట మధ్యలో ఆ పిల్ల గొంతు పోవాలని కోరుకున్నాను, అదీ దేవుని మందిరంలో. నాకిక్కడ ఉండాలని లేదు. ఎస్. కోట వచ్చేస్తాను. నీ దగ్గర కుట్టుమిషను ఉంది, నాకు చేతులున్నాయి. బావతో చెప్పి, రమ్మని ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి,
ఎస్తేరు

గరివిడి,
2 సెప్టెంబరు

అక్కా,

రమ్మని రాశావు. బావ బస్టాండుకి వస్తాడని కూడా రాశావు. పెట్టె సర్దేశాను. పోయేముందు ఆ కృపారాణి ఫొటోలన్నీ చెరిపేద్దామని, ఆయన డ్యూటీకి వెళ్ళాక కెమెరా తీశాను. ఏ బటన్ దేనికో నాకేం తెలుసు? ఒకటి నొక్కితే టక్కుమంది. ఎదురుగా చేటలో పోసి ఉన్న బియ్యం ఫొటో పడింది. చూద్దును కదా, తెల్లటి బియ్యం బూడిద రంగులో ఉన్నాయి.

వెలుతురు చాల్లేదేమోనని వాకిట్లోకి తెచ్చి తీశాను. అక్కడా బూడిదే. అట్ల పెనం దగ్గరగా తీశాను. నల్లటి పెనం కూడా వెలిసిపోయి బూడిదే! ఈ కెమెరాకి తెలుపూ వద్దు, నలుపూ వద్దు, అన్నిటినీ ఒకే రంగుకి లాక్కొస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఒకటి ఉంది. ప్లస్ వైపు జరిపితే బియ్యం బియ్యంలా వచ్చాయి. మైనస్ వైపు జరిపితే పెనం పెనంలా వచ్చింది. ఈ పిచ్చిలో బస్సు పోయింది.

తర్వాత నా చీర సంగతి తట్టింది. చర్చికి తెల్లచీరే కట్టాలని అమ్మ నేర్పింది కదా మనకి. వెనక చర్చి గోడా సున్నమే. అంత తెలుపునీ ఈ కెమెరా బూడిదకి దించేటప్పుడు, నా ముఖాన్నీ దానితోపాటే దించేస్తుంది. ఇంక కళ్ళూ ముక్కూ ఏం కనబడతాయి? క్వయర్ వాళ్ళవి ముదురు నీలం చీరలు, వాటిని తేల్చేటప్పుడు ముఖాన్నీ తేలుస్తుంది. కృపారాణి అందుకే వెలిగిపోతోంది. ఎర్రది కూడా, సరే.

దేముడమ్మ గారిది నా రంగే. ఆవిడకి నా చీర కట్టించి, గోడ ముందు నిలబెట్టి ప్లస్ లేకుండా ఒకటి, పెట్టి ఒకటి తీశాను. ప్లస్ పెట్టింది చూసి, "ఓలమ్మ, నాను ఇలగుంటానేటి!" అని బుగ్గలు తడుముకుంది. రెండూ ప్రింటు వేయించి పంపుతున్నాను. మొహమాటం లేకుండా రాయి.

కోపం మాత్రం చల్లారలేదు. కృపారాణి కోసం ఆయన వంగారు, కిటికీ తెరిచారు, బల్ల ఎక్కారు. నాకోసం ఒక్క బటన్ జరపలేదు. పెట్టె ఇంకా సర్దే ఉంది.

ఎస్తేరు

గరివిడి,
9 అక్టోబరు

అక్కా,

ముఖం బాగుంది కానీ గోడ మరీ మెరిసిపోతోంది, చీర అంచు మాయమైపోయింది అని రాశావు. నిజమే. ప్లస్ కాస్త తగ్గించి, ఎండలో కాకుండా నీడలో తీశాను. ఇప్పుడు అంచు కూడా వస్తోంది.

మొన్న ఆదివారం ఏటి దగ్గర కృపారాణికి బాప్తిస్మం. తీసుకునేవాళ్ళకి తెల్లబట్టలే కదా. నీళ్ళలోంచి లేచి గట్టుకి రాగానే మీ మరిది టకటకా తీశారు. అందరూ మూగారు. "ఇదేటి, బొగ్గునాగ వచ్చిందేటి?" అంది ఏసమ్మ గారు. నాకెంత ఆనందమైందో రాయడానికి సిగ్గేస్తోంది. ఈయన మళ్ళీ తీశారు. మళ్ళీ బొగ్గే. కృపారాణి కళ్ళల్లో నీళ్ళు. బాప్తిస్మం ఒక్కసారే కదా, రేపు మళ్ళీ ముంచరు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఎలా తీయాలో నాకు తెలుసు కదా, చెయ్యి ఆగలేదు. "ఇలా ఇవ్వండి" అని కెమెరా లాక్కుని ప్లస్ వైపు జరిపాను.

బాగా వచ్చింది అక్కా. తడి జుట్టు, వణుకుతున్న పెదవులు, చీర మడతలు, అన్నీ. పాస్టరు గారు చూసి, "మా అమ్మాయి పెళ్ళికి నువ్వే తియ్యాలమ్మా" అన్నారు. ఈయన వెంటనే, "కెమెరా మంచిదండి. ఎవులు తీసినా వస్తాది" అన్నారు. ఆ గొంతులో మంట నాకు తెలుసు. నెలల తరబడి నేను అన్నం వండింది దానిమీదే.

దారిలో అడిగేశాను, ఆ పిల్లంటే ఇష్టమా అని. "ఫొటోలో బాగా పడతాదే, అంతే. నీవీ తీసాను. తీసిన ప్రతీదీ బొగ్గే. సూత్తే ఏడుస్తావని తుడిసేసాను" అన్నారు. సగం నమ్మాను. మిగతా సగం ఇంకా మండుతూనే ఉంది. అయినా పెట్టెలో చీరలు తీసి బీరువాలో పెట్టాను. బావని బస్టాండుకి రావద్దను.

ఈ సాయంత్రం ఏమైందో తెలుసా? ఆయనే తెల్లచొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని వచ్చి గోడ ముందు నిలబడ్డారు. "నాకొకటి తియ్యవే" అన్నారు. కాలరు సర్దుకున్నారు. పొట్ట లోపలికి లాక్కున్నారు. "ఇలగ బాగుందేటి?" అని అడిగారు, మళ్ళీ అడిగారు. నా కంటికి ఎలా కనబడుతున్నానా అని ఆ మనిషి కంగారుపడడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. వెంటనే నొక్కలేదు అక్కా. అలాగే నిలబెట్టి, చాలాసేపు చూశాను.

నీ
ఎస్తేరు