ఆదివారం పెనాల్టీ

భైంసా,
14-2-1978

బావా, నమస్కారం.

అక్క నిన్న ఇక్కడికి వచ్చి, "మీ బావకు చెప్పిన తమ్మీ. పెనాల్టీ వస్తే మెల్లగ నీ చేతులల్లకే కొడ్తనన్నడు. జర ఫికర్ బంద్ చెయ్యి" అంది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మీ పెద్దపల్లి జట్టు చేతిలో ఓడితే మేము రెండో డివిజన్‌కు పడిపోతాం. అప్పుడు జట్టే ఉండదని, ఆట కోసం పత్తి జిన్నింగ్ మిల్లులో పెట్టుకున్న మాకెవరికీ పని ఉండదని మేనేజరు చెప్పేశాడు. అయినా గోల్‌లో నిలబడేవాణ్ణి నేను. దయతలచి ఇచ్చే బంతి నాకు వద్దు.

వానాకాలంలో పెద్దపల్లిలో మీ పెనాల్టీ ఆపినందుకు మావాళ్ళు నన్ను భుజాల మీద మోశారు. అది కూడా మీరు ఇచ్చిందేనా? వద్దులెండి, ఎన్నడూ చెప్పకండి.

ఈ ఉత్తరం అక్క చేతికివ్వకుండా పోస్టులో వేస్తున్నాను. ఈసారి మీ బలం కొద్దీ కొట్టండి. ఎటువైపు కొడతారో మాత్రం అక్కతో అనకండి. అంటే ఆమె వచ్చి నాకు చెప్పేస్తుంది.

చెబితే నేను వింటాను, బావా.

మీ బావమరిది