శుక్రవారం సీరియల్

బౌషర్,
2008 ఆగస్టు

నా షబానాకు,

ఫోన్లో "బాగున్నా" అన్నాక ఇంకేం మాట్లాడాలో నాకు తోచదు. అది మీ అన్న సెల్లు. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఇల్లంతా నీ చుట్టూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. కుట్టుమిషన్ తొక్కి తొక్కి మోకాళ్లు పట్టేస్తున్నాయని మొన్న అన్నావు. ఎలా ఉన్నాయో రాయి.

ఈ అరబ్బు దేశంలో ఎండకూ పనికీ ఒళ్లు హూనమైపోతోంది. మేడమ్ చెడ్డది కాదు, కానీ ఆ ఇంట్లో నన్ను పిలవని గొంతు లేదు. శుక్రవారం సాయంత్రం మాత్రం వదిలేస్తారు. నాలుగు వీధుల అవతల ఇంకో ఇంట్లో వంట చేసే సుబ్బలక్ష్మమ్మ గదికి పోతాను. ఆమెది గోదావరి వైపు. ఆమె గదిలో టీవీ ఉంది, తెలుగు ఛానళ్లు వస్తాయి. నిజామాబాదు గౌరవ్వా వస్తుంది. మా ముగ్గురికీ సెలవు ఆ ఒక్క పూటే. అందుకని సీరియల్ శుక్రవారంది మాత్రమే చూస్తాం. మధ్యలో ఏం జరిగి ఉంటుందో మేమే అల్లుకుంటాం.

నీకు చెప్పాలనుకున్నది ఆ సీరియల్ గురించే. ఏడున్నరకు వచ్చేది, నువ్వూ చూస్తున్నావో లేదో. అందులో పూర్ణ, వసుధ అని ఇద్దరున్నారు. మొదట స్నేహితులనే అనుకున్నాం. పోయిన శుక్రవారం వసుధ, పూర్ణ చెయ్యి పట్టుకుని, "పెళ్లి చేసుకోను, నీతోనే ఉంటాను" అంది. షబ్బూ, తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి టీవీకి దగ్గరగా జరిగాను. ఇన్నాళ్లూ మనలాంటి వాళ్లు టీవీలో కనపడితే నవ్వించడానికే కనపడ్డారు. నడుము తిప్పుతూ నడిచే మగవాడు, వాడి వెనక ఈలలు, అంతే. ఆడవాళ్లయితే అసలు లేనే లేరు. వీళ్లు మాత్రం నవ్వించలేదు. కూరగాయలు తరుగుతూ మామూలుగా మాట్లాడుకున్నారు.

గౌరవ్వ మూతి తిప్పి, "సిగ్గు లేదా గీళ్లకు? టీవీల గిసొంటియి సూపెడ్తరా?" అంది.

సుబ్బలక్ష్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మా గోదారి లంకలోనూ ఉండేవోరమ్మా ఇద్దరాడోళ్లు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి" అంది. ఆ తర్వాత ఏమైందో అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే నా మొహం చూస్తారని భయం వేసి, నీళ్ల మిషతో లేచిపోయాను.

మనిద్దరం కుట్టుదుకాణం పెట్టి వెనక గదిలో ఉందామనుకున్నాం కదా, ఆ గది గుర్తొచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నీ
రెడ్డెమ్మ

*

బౌషర్,
2008 సెప్టెంబరు

షబ్బూ,

ఉపవాసాలతో నీరసంగా ఉంటావు. ఇక్కడ నెలంతా సెలవు లేదు. సాయంత్రమయ్యేసరికి ఇంటినిండా చుట్టాలు, వండుతూనే ఉండాలి, తోముతూనే ఉండాలి. మన రాయచోటి డ్రైవరు ఖాదర్‌వలి పండక్కి ఊరికొస్తుంటే అతని చేతికి ఇది ఇస్తున్నాను.

వసుధ చచ్చిపోయింది. రంజాన్ మొదలయ్యే ముందు శుక్రవారం చూశాను. మొహం మీదికి తెల్లగుడ్డ లాగారు, పూర్ణ తల బాదుకుంటూ ఏడ్చింది. అంతటితో ఆపేశారు. గౌరవ్వ "గట్లనే అయితది" అంది. సుబ్బలక్ష్మమ్మ టీవీ కట్టేసింది. కథ రాసేవాళ్లకు కూడా మనలాంటి వాళ్లను చంపడం తప్ప ఇంకో దారి దొరకలేదు. చేతిలో కలం ఉన్నవాళ్లకే దొరకని దారి, పదో తరగతి చదివిన మనకేం దొరుకుతుంది?

మా పెంచలయ్యన్న రాజంపేట సంబంధం గురించి మళ్లీ ఫోన్ చేశాడు. రెండో పెళ్లివాడు, నెమ్మదస్తుడట. నేను అలిసిపోయాను షబ్బూ. అరబ్బు ఇంట్లో పని, ఊళ్లో అబద్ధం, రెండూ మోయలేకపోతున్నాను. వచ్చేస్తాను, చేసుకుంటాను. నువ్వే అన్న దగ్గరికి పోయి రెడ్డెమ్మ సరేనందని చెప్పు. నా నోటితో చెప్పలేను. నన్ను తిట్టుకో, ఏమీ అనుకోను.

రెడ్డెమ్మ

*

రాయచోటి,
పండగ వెళ్లిన వారం

రెడ్డెమ్మకు,

ఖాదర్‌వలి నీ ఉత్తరం ఇచ్చిపోయాడు. పండగనాడు అందరికీ సేమ్యా పోసి, గది తలుపేసుకుని చదివాను. కొత్తబట్టలతోనే ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

వసుధ చావలేదు. నువ్వు చూసింది పూర్ణకు వచ్చిన కల. సోమవారం మొదట్లోనే పూర్ణ ఉలిక్కిపడి లేచింది. పిచ్చిదానా, శుక్రవారం ఎవరో ఒకరిని చంపకపోతే జనం సోమవారం టీవీ ముందు కూర్చుంటారా? రోజూ చూసే మాకు అది తెలుసు. నీకు సోమవారం లేదు. ఆ ఒక్క ముక్క చూసి నా గొంతు కోయడానికి సిద్ధమయ్యావు.

అలాగని వాళ్లను సుఖంగా ఉంచారని కాదు. ఆ వారంలోనే వసుధకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందని బస్సెక్కించారు. మళ్లీ ఆ పేరెత్తినవాళ్లు లేరు. ఇప్పుడు కథంతా పూర్ణ చెల్లెలి పెళ్లి. మా వదిన "ఆ పిల్ల ఏమైందిమే?" అని నన్నే అడిగింది. ఏం చెప్పను? రాసేవాళ్లకు వాళ్లను ఏం చెయ్యాలో తెలియలేదు, పంపేశారు.

మీ అన్నకు నేను చెప్పను. ఆయన నంబరు నీ దగ్గరుంది, నీకు నోరుంది. ఆ పని నాకెందుకు చెప్పావో నాకు తెలుసు రెడ్డీ. నేను చెప్పనని నీకు తెలుసు కాబట్టి. మోకాళ్లు అలాగే ఉన్నాయి.

షబానా

*

బౌషర్,
2008 నవంబరు

నా షబ్బూకు,

నిన్న అన్నకు నేనే ఫోన్ చేశాను. రాజంపేట వాళ్లకు వద్దని చెప్పెయ్యమన్నాను. "ఇంగెన్నాళ్లు ఒంటిగా ఉంటావుమే?" అని అరిచాడు. ఒంటిగా ఉండను, షబానాతో కలిసి దుకాణం పెట్టుకుంటానన్నాను. ఆ మాట విని ఫోన్ పెట్టేశాడు. అతనికి ఏం అర్థమైందో నాకు తెలియదు. మళ్లీ చేయలేదు.

ఈ శుక్రవారం సుబ్బలక్ష్మమ్మ గదికి పోయాను. సీరియల్లో పూర్ణ చెల్లెలి పెళ్లిపందిట్లో మంటలు లేచాయి, ఆపేశారు. నాకు నవ్వొచ్చింది. గౌరవ్వ వెళ్లిపోయాక, అప్పుడు మింగేసిన మాట ఈసారి అడిగాను. మీ లంకలో ఆ ఇద్దరూ చివరికి ఏమయ్యారని.

ఆమె నావైపు కాసేపు చూసింది. నేను తల తిప్పుకోలేదు.

"ఏమవుతారమ్మా? ముసలోళ్లయిపోయేరు. ఒకావిడికి మోకాళ్లు నొప్పులు. రెండో ఆవిడ పొద్దున్నే అరుగు మీద కూచోబెట్టి నూనె రాసేది" అంది.

అంతే షబ్బూ. ఇంకేమీ జరగలేదట.

ఇంకో ఏడాదికి నా వీసా అయిపోతుంది, మళ్లీ పొడిగించుకోను. ఇక్కడి నుంచి అందరూ నొప్పులకని ఊరికి తెచ్చుకునే టైగర్ బామ్ నీకోసం ఇప్పుడే కొని పెట్టెలో పెట్టాను. నేను వచ్చేదాకా మిషన్ కొంచెం తక్కువ తొక్కు.

నీ
రెడ్డెమ్మ