ల్యాబ్‌లోని వెండి నీళ్లు, అన్నయ్య పాదం

భవానీపురం,
విజయవాడ.

అమ్మకు నమస్కారాలు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం కులాసా. అన్నయ్య నా గదిలోనే ఉన్నాడు, వేళకు తింటున్నాడు, దిగులు పడకు. ఎండల సంగతి చెప్పక్కర్లేదు, కుళాయి నీళ్లే కాగిపోతున్నాయి. కాలేజీ ల్యాబ్‌లో పని అలవాటైంది గానీ, ఆదివారాలు ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఇప్పుడా బాధ లేదు.

ఫోన్‌లో చెప్పలేని మాట ఒకటుంది. చేపల చెరువులో నత్తగుల్ల గుచ్చుకుని తెగిన అన్నయ్య పాదం ఎన్ని మందులు వాడినా మానలేదు కదా. పైగా షుగరు. పుండులోని చీము మా ల్యాబ్‌లోనే పరీక్షించాం. ఆ క్రిములను చిన్న గాజు పళ్లెంలో పెంచి, రకరకాల మందులు పెట్టి చూస్తే ఒక్క ఖరీదైన ఇంజెక్షన్‌కే కాస్త లొంగాయి. మా మేడం గారు వెండిని కంటికి కనపడనంత చిన్న రేణువులుగా చేసి, నీళ్లలో కలిపి, ఇలాంటి మొండి క్రిముల మీద పరిశోధన చేస్తున్నారు. ఆ నీళ్లు వేసిన చోట మాత్రం క్రిములన్నీ చచ్చి పళ్లెం తేటగా కనిపించింది. పరుగున వచ్చి అన్నయ్యకు చెప్పాను.

"అయితే ఓ సీసాడు పట్రా బుజ్జీ, పోసేసుకుంటా" అన్నాడు.

మేడం గారిని అడిగితే, "పళ్లెం వేరు, మనిషి పాదం వేరమ్మా. మంచి కండను ఏం చేస్తుందో మనకింకా తెలీదు. ఆలస్యం చేయకుండా సర్జన్‌కి చూపించు" అన్నారు.

"సొంత అన్నకి కూడా ఇవ్వవా?" అన్నాడు అన్నయ్య, మొహం తిప్పుకుని.

"సొంత అన్నవి కాబట్టే ఇవ్వను" అన్నాను. ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉంటాయమ్మా. రెండుసార్లు ఆ సీసా చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను.

మర్నాడు ఆసుపత్రిలో కుళ్లిన కండ తీసేశారు. చిటికెన వేలు దక్కలేదు. నీకు చెప్పనిది ఇదే. తర్వాత ఆ ఇంజెక్షన్లు ఇచ్చి, వెండి పూసిన కట్టు కట్టారు. అది పరీక్షలన్నీ దాటి వచ్చిందట. ఇప్పటికి మూడు వారాలైంది, నిన్న కట్టు మారుస్తుంటే చూశాను, కొత్త కండ ఎర్రగా పట్టింది. దేనివల్ల మానుతోందండీ అని అడిగితే, "అన్నీ కలిసి" అన్నారు డాక్టరు గారు.

వదినకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఎవరైనా ఇటు వస్తే ఎండు రొయ్యలు కాసిని పంపు.

ఈ ఉదయం అన్నయ్య సందు చివరిదాకా ఒక్కడే వెళ్లి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, "వేలు పోయిందని అమ్మకి రాసెయ్. నడుస్తున్నాడని కూడా రాయి" అన్నాడు.

రాశాను. నాన్నకు నమస్కారం, పిల్లలకు ముద్దులు. మా ఇద్దరినీ దీవించు.

నీ కూతురు,
కుమారి