బురద నీళ్లలో కొర్రమట్ట

తమ్ముడు రాజయ్యకు, పట్నం జహనుమా నుంచి నీ అన్న మల్లయ్య దీవించి రాసేది. ఇక్కడ మేమందరం తింటున్నాం, తిరుగుతున్నాం. అక్క మోకాళ్లు ఎట్లున్నాయి? మరదలు, పిల్లలు, ఈనిన బర్రె బాగున్నారా? నీ బాగోగులు మాత్రం అడగను. నీ మీద మస్తు కోపంగా ఉంది. ఎందుకో చదువు. అర్థం కాకపోతే మరదలితో చదివించుకో, నీకంటే ఆమెకే తెలివి ఎక్కువ.

వానలు పడ్డప్పటి నుంచి గల్లీ నిండా బురద. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే పోయేవాడు పలకరిస్తాడు, వచ్చేవాడు పలకరిస్తాడు. ఇక్కడ నన్ను పలకరించేది మా వియ్యపురాలు సత్తెమ్మ ఒక్కతే, అదీ తిట్టడానికి. కోడలు పుష్పకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది గాని, లేచి నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. నోటికి ఏదీ పోవడం లేదు. కొర్రమట్ట చేప పులుసైతే తింటానంది. ఆ మాట చెవిన పడగానే సత్తెమ్మ మాదన్నపేట నుంచి రిక్షా కట్టించుకుని వచ్చింది.

కొడుకు యాదగిరి బస్సు డిపోలో డ్యూటీకి పోతాడని, నేను కూర్చుని తింటానని, తన బిడ్డను చూసే దిక్కు లేదని గల్లీ మొత్తానికి వినిపించింది. పుష్పకు పోవడం ఇష్టం లేదు. అక్కడ వదినల మధ్య మంచం పట్టి ఉండలేనని నాతో మెల్లగా చెప్పింది. పోయినసారి నాలుగు రోజులని తీసుకుపోయి దసరా దాకా పంపలేదు ఆ మహాతల్లి.

"చెల్లె, ఆదివారం దాంక ఆగు. కొర్రమట్ట నేను తెస్త" అన్నాను.

"తేకపోతే?"

"తేకపోతే తీస్కపో."

పుష్ప గోడవైపు తిరిగి పడుకుంది.

నాకంత ధైర్యం ఎక్కడిదంటావా? నీదే. కొత్త నీళ్లు వచ్చినప్పుడు కాలువ పడేచోట కూర్చుంటే చేప ఎదురెక్కి వస్తుందని కార్డు ముక్క మీద రాశావు కదా, పెద్ద జాలరివి. మీరాలం చెరువులో కాలువ పడేచోటే కూర్చున్నాను. నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. బాపు నేర్పినట్టే గాలానికి చిన్న కప్పను కట్టి నీళ్ల మీద ఎగిరించాను. చెయ్యి లాగింది గాని గాలం లాగలేదు. కొంచెం దూరంలో, బురద ఆగిపోయి నీళ్లు తేటపడే చోట, గడ్డి పక్కన ఖాజా భాయ్ అని లక్క గాజులు చేసే ముసలాయన కూర్చునేవాడు. రోజూ ఏదో ఒకటి లేపేవాడు. నా వంతు చేపలు ఎత్తుకుపోతున్నావని తిట్టాను. ఆయన అంతకు రెండింతలు తిట్టాడు. ఆ చెరువు మీద మా లొల్లికి కొంగలు కూడా లేచిపోయాయి.

ఆదివారం ఉత్త చేతులతో ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో మూట కట్టి ఉంది. "చేప ఏది అన్నా?" అని సత్తెమ్మ నా చేతులు చూసింది. పుష్పను రిక్షా ఎక్కించింది. యాదగిరి అన్నం తినకుండానే పడుకున్నాడు.

తెల్లారి పోయి ఖాజా భాయ్ పక్కన కూర్చున్నాను. జరగమంటే జరగలేదు. కోడలి సంగతి చెప్పాక జానెడు జరిగాడు.

"గా ఎర్ర మట్టిల నీ కప్ప దానికేం కనవడ్తది మియా? ఎదురెక్కే చేప గుడ్లు వెట్టనీకి పోతది, తిననీకి గాదు. దిమాగ్ ఉన్నదా నీకు?"

చూశావా? మన ఊళ్లో ఎదురెక్కే చేపకు బుట్ట అడ్డం పెడతాం. బుట్టకు దాని ఆకలితో పని లేదు, గాలానికి ఉంది. ఈ ముక్క నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆయన చెప్పినట్టే కోడి పేగు గుచ్చి, గడ్డి మొదట్లోకి మెల్లగా వదిలి, కదపకుండా కూర్చున్నాను. తేటపడ్డా ఇంకా మసకగానే ఉన్న నీళ్లలో చేప కంటితో కాదు, వాసనతో వెతుక్కుంటుందట. ఎండ నెత్తికెక్కేసరికి మోచేతి పొడుగు కొర్రమట్ట పడింది.

చచ్చిన కొర్రమట్టను ఎవరు ముట్టుకుంటారు? బిందెలో నీళ్లు పోసి బతికుండగానే మోసుకుపోయాను. కండక్టర్ బస్సు ఎక్కనియ్యలేదు. మాదన్నపేట దాకా నడక. సత్తెమ్మ గడప మీదే బిందె అందుకుంది.

"చేప ఇచ్చినవ్ గద. ఇగ పో" అంది.

లోపల నుంచి పుష్ప గోడ పట్టుకుని వచ్చింది. "అమ్మా, బిందె మామకియ్యి. పులుసు మా ఇంట్ల తింట."

"నిలవడనీకి శాతగాదు, ఆడ నీకెవరు చేస్తరే?"

"మామ చేస్తడు."

నేను పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించిన పాపాన పోలేదని ఆ పిల్లకు తెలుసు. తెలిసీ అన్నది. పుష్పను రిక్షాలో ఇంటికి తెచ్చాను. సత్తెమ్మ మా వెంటే వచ్చి, మా గడపలో నిలబడి, నేను కలిపే ప్రతి చెంచా కారానికీ ఒక తిట్టు తిట్టింది. చేప తోమేటప్పుడు బూడిద ఎక్కువ రుద్దానంది, పులుపు ఎక్కువైందంది. అయింది. పుష్ప కంచం ఊడ్చి తిన్నది. మళ్లీ అన్నం పెట్టమని కంచం నా వైపు జరిపింది. సత్తెమ్మ కొంగు దులుపుకుని, ఒక్కతే రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

ఇంట్లో చింతపండు మొత్తం ఒక్క పూటలో పోసేశాను, మన చెట్టుది ఎవరైనా వచ్చేటప్పుడు పంపు. సలహాలు పంపకు. మా గురించి ఫికర్ చెయ్యకు. పెద్దలందరికీ దండాలు. అక్క కాళ్లకు నా బదులు నువ్వు మొక్కి, మా పుష్ప ఒంట్లోకి బలం రావాలని దీవించమను.

ఇట్లు,
ఈ పూట కూడా పొయ్యి ముందే ఉన్న
నీ అన్న మల్లయ్య