మాటిచ్చినవాళ్ళు

ఉప్పుటేటిపాలెం,
బోగోలు దాపున,
1962, శ్రావణం.

అన్న ముత్యాలయ్యకు చెల్లెలు ఇందిర నమస్కరించి వ్రాయునది. అమ్మా నాయనా నేనూ ప్రాణాలతో ఉన్నాము. నువ్వు, వదిన, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. ప్రతిసారీ రాసే ‘క్షేమం’ అనే మాట ఈసారి రాయడానికి చెయ్యి రావడం లేదు.

పాపకు పళ్ళు వస్తున్నాయని రాశావు. ఒళ్ళు వెచ్చబడితే కంగారుపడవద్దని, వాము నీళ్ళు పట్టమని అమ్మ చెప్పమంది. ఈ ఏడు రొయ్య బాగా పడింది. అయినా పాలెంలో ఎవరి ముఖానా కళ లేదు.

హార్బరు పని ఎందుకు మానమన్నావని అడిగావు. నాయన కోపం తగ్గిందా అని కూడా అడిగావు. రెంటికీ జవాబు ఒకటే, అన్నా.

ఆ తుపానుకు నీ పడవ తిరిగి రానప్పుడు నాయన ఏటి అవతల మడ అడవిలోకి వెళ్ళాడు. అక్కడ మూగనాచమ్మ రాయి ఉంది. ఆమెను దొంగచాటుగా కొలిచేవాళ్ళు మన పాలెంలోనే ఉన్నారు. తమను తాము ‘మాటిచ్చినవాళ్ళు’ అని చెప్పుకుంటారు. ఏదో ప్రమాణం కాబోలనుకునేదాన్ని. వాళ్ళిచ్చేది తమ గొంతేనని అప్పుడు నాకు తెలియదు. పూజారి మాలకొండమ్మ నాయనతో అన్నదట: "నీ మాట అమ్మకియ్యి, నీ కొడుకు వస్తాడు. సంగతి మీ గడప దాటినా, రాయికి దెబ్బ తగిలినా, వాడు ఏ నీళ్ళ మీదుంటే ఆ నీళ్ళలోనే పోతాడు."

మరునాడు నువ్వు వచ్చావు. నాయన నోరు తెరిచాడు, మాట రాలేదు. ముఖం తిప్పుకుని దొడ్లోకి వెళ్ళిపోయాడు. పడవ పోగొట్టినందుకు పలకలేదనుకుని నువ్వు మద్రాసు వెళ్ళావు. స్టేషను దాకా ఆయన నీ వెనకే వచ్చాడట, నీకు కనబడకుండా. తర్వాత మాతోనూ మాట్లాడకపోతే దిగులనుకున్నాను.

ఆషాఢంలో ముసురు పట్టి తీరం కనబడని రోజున హజరత్తయ్య పడవ ఇసుకమేటకు కొట్టుకుని బోల్తాపడింది. అతని తమ్ముడు పోయాడు. హజరత్తయ్య తడి బట్టలతోనే మనింటికి వచ్చి నాయనను నిలదీశాడు.

"పోలేరన్నా, ఒడ్డు ఇటుందిరా, ఇటు రండి అని నువ్వు కేకేస్తివే. నీ గొంతు నమ్మి తిప్పినాం గదన్నా."

నాయన పొద్దుటినుంచి నా పక్కనే వల అల్లుతున్నాడు. చేతిలోని వల జారిపోయింది. ముసురులో చెవులు మోసపోయాయని హజరత్తయ్యకు అందరూ సర్దిచెప్పారు. అతను వెళ్ళాక, ఆనాడు నాయన వెంట మడ అడవికి వెళ్ళిన అమ్మ ఏడుస్తూ నాకంతా చెప్పింది. జనం నమ్మే గొంతుతో జనాన్ని నీళ్ళలోకి పిలుచుకోవడానికే ఆ మూగనాచమ్మ మాట తీసుకుంటోంది.

నాయన గడ్డపార అందుకుని గడప దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అప్పటికి నువ్వు హార్బరులో నీళ్ళ మీదున్నావు. అందుకే పని మానమని రాశాను. కారణం రాయడానికి భయపడ్డాను. నేత మిల్లులో చేరానని నీ జవాబు రావడం ఆలస్యమైంది.

ఈలోగా కామమ్మ మొగుడు పోయాడు. అదే కేక విని నీళ్ళలోకి దూకాడని తోటివాళ్ళు చెప్పారు. ఆ పొద్దున అతను బీడీకి నిప్పు అడిగితే నేనే ఇచ్చాను. నాయన గొంతు వినబడితే పోవద్దని మాత్రం చెప్పలేదు. నాయనకు మాట లేదు, నాకుంది. నువ్వు బతకాలని నోరు మూసుకున్నాను.

నీ జవాబు అందగానే, పట్టపగలే నాయన వెళ్ళి రాయిని పగలగొట్టాడు. మాలకొండమ్మ అడ్డంగా పడుకుంటే ఎత్తి పక్కన కూర్చోబెట్టాడట. మడ అడవిలోంచి ఎవరెవరివో గొంతులు ఒక్కసారిగా లేచి పాలెం దాకా వినబడ్డాయి, తర్వాత సద్దుమణిగాయి. నాయన మాట తిరిగి వచ్చింది. నేరుగా కామమ్మ ఇంటికి వెళ్ళాడు.

"అమ్మా, నీ మొగుణ్ణి పిలిచింది నా గొంతే" అన్నాడు.

ఆమె చెవులు మూసుకుంది. "మాట్టాడొద్దు మామా. ఆ గొంతుతో మాట్టాడొద్దు."

అప్పటినుంచి నాయన నోరు విప్పడం లేదు. వీధిలో ఆయన దగ్గితే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. నేను పలకరించినా తల ఊపుతాడు, అంతే.

ఒకసారి రా, అన్నా. పాపను కూడా తీసుకురా. ఆ పిల్లకు ఆయన గొంతు ఎలా ఉంటుందో తెలియదు. దానితోనైనా మాట్లాడతాడేమో.

ఇట్లు,
నీ చెల్లెలు,
ఇందిర.