మీ నాన్న పడిపోలేదు

గోదావరిఖని

సుగుణ వదినకు నమస్కారాలు. మామయ్య పడిపోయారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది గానీ, ఆయన పడిపోలేదు, భయపడకు. గని పని నుంచి రిటైరయ్యాక ఆయన పొద్దంతా కుర్చీ దిగట్లేదు, షుగరు పెరిగింది. మాటిమాటికీ లేచి చిన్న చిన్న పనులు చేయమన్నారు డాక్టరు. అందుకే నిన్న పెరట్లో చిక్కుడుకాయలు కోయమన్నాను. లేస్తూనే తూలి గోడ పట్టుకున్నారు.

"నా పెనిమిటిని సంపుతవా ఏందే?" అని అత్తమ్మ అరిచింది.

"కూసుండి కూసుండే కాళ్లు మొద్దువారినయి. నన్ను తిరుగనియ్యి," అన్నారు మామయ్య.

వెంటనే దవాఖానలో చూపించాం. ప్రమాదం లేదు, పనులు మానొద్దు, మెల్లగా లేవమన్నారు. అయినా అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. నువ్వే నచ్చజెప్పాలి. చిన్నోడికి జ్వరం తగ్గిందా? అన్నయ్యకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఈ కార్డు తనే పోస్టు డబ్బాలో వేస్తానని మామయ్య గుమ్మంలో నిలబడ్డారు. నా వైపు చూడకుండానే అత్తమ్మ కూడా చెప్పులు తొడుక్కుంటోంది.

నీ మరదలు,
రమ